తెల్లపెట్టకు పసుపు

ముత్తంగి చౌరస్తాలో లారీలోంచి జారిపడ్డ ఆ తెల్ల ఫారం కోడిని ఎత్తుకురమ్మని నన్నెవరూ అడగలేదు. కాజీపల్లి మందుల కంపెనీలో పొద్దంతా నిలబడి మాత్రల పెట్టెలు సర్ది, కాళ్లు పీకుతుంటే ఆటోలో ఇంటికొస్తున్నాను. దాన్ని చూడగానే ఆటో ఆపించాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

లక్డారంలో మా ఇంటి వెనక మా అత్తవి అయిదు నాటుకోళ్లు. వాటికి పెత్తనం ఎర్రపెట్టది. తెచ్చిన పూటే అది తెల్లదాన్ని మెడ మీద నెత్తురొచ్చేలా పొడిచింది. అది పొడిచింది కదా అని మిగతా నాలుగూ పొడిచాయి. చేసేది లేక తెల్లదాన్ని స్నానాల గదిలో పెట్టాను. పది రోజులు అది బకెట్టు మీద కూర్చుని రెట్టలు వేయడం, డ్యూటీకి పోయేముందు నేను కడగడం. అత్త మొదట ఊరుకుంది. ఒక సోమవారం ఆమె స్నానం చేస్తుండగా అది ఉతికిన చీర మీదికెక్కేసరికి తేల్చి చెప్పింది.

“ఐతారం దాక సూస్త. గుంపుల కలిసిందా, ఉంటది. లేకుంటె కూరైతది. తానం చేసేకాడ కోడేంది, నా కర్మ గాకపోతె!”

గాయం మానితే కదా కలిపేది అని, ఏ దెబ్బకైనా మన ఇళ్లలో రాసేదే రాశాను. పసుపు, మంచినూనె. మెడ నిండా దట్టించి, తెల్లవారి ఆ కోళ్ల మధ్య వదిలాను. అయిదూ ఒక్క క్షణం ఆగి చూశాయి. తర్వాత సరిగ్గా ఆ పసుపు మీదే పడ్డాయి. చీపురు పట్టుకుని నేను, నా కాళ్ల సందున దూరి ఇది, వెంటపడి అవి. ఆటో వెళ్లిపోయింది. డ్యూటీకి ఆలస్యమై సూపర్‌వైజరు చేత మాటలు పడ్డాను.

గోడవతల మేమంతా ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ ఉంటుంది. ఆమెకు మాకంటే ఎక్కువ కోళ్లు. సాయంత్రం నా కోడిని చూసి పగలబడి నవ్వింది.

“యా అల్లా! పసుపు రాసి పెండ్లిపిల్లను చేసినవ్ గదనే! తెల్లదాని మీద గంత రంగు కనవడితె పొడవకుంటె ముద్దువెడతయా?”

“నవ్వింది చాలు ఖాలా, ఏం జెయ్యాల్నో చెప్పు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.”

“పసుపు కడిగి, రొట్టెల పెంక మసి నూనెల కలిపి పుయ్యి. పుండు కనవడొద్దు. ఇగ మూసెయ్యాల్సింది దీన్ని కాదు, గా ఎర్రదాన్ని. నాల్గు దినాలు గంప కిందుంచు. సర్దారు లేకుంటె మిగిలినయి సప్పుడు జెయ్యయి.”

పసుపు కడిగి మసి పూయడం తేలికే, ఆ రాత్రే పూశాను. ఎర్రదాన్ని మూయడమే కష్టం. ఎర్రపెట్ట అంటే మా అత్తకు ప్రాణం. పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. దాన్ని గంప కింద మూసి పైన రాయి పెట్టడం చూసి అత్త ఇల్లు పీకి పందిరేసింది.

“లొల్లి తెచ్చింది తెల్లది, జైలు నా కోడికా?”

“పొడిచిందెవరు అత్తమ్మా?”

“దిక్కులేని కోడిని ఇంటికి తెచ్చిందెవరు?”

 నేను పోయి నూకలు చల్లాను.

రెండు రోజులు తెల్లది గోడ వదిలి రాలేదు. శుక్రవారం ఒక పక్కగా నిలబడి నాలుగు నూకలు తింది. శనివారం నల్లపెట్ట పక్కనే దుమ్ములో పొర్లింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక కోడి కోసం ఏడుస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఐతారం పొద్దున అత్త కత్తి పక్కన పెట్టుకుని వెనక గడపలో కూర్చుంది. నేను గంప ఎత్తాను. ఎర్రపెట్ట రెక్కలు దులుపుకుని నూకల దగ్గరికి నడిచింది. తెల్లది తలెత్తింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అది సూటిగా వెళ్లి ఎర్రదాని నెత్తి మీద ఠపీమని పొడిచింది. అది పొడిచింది కదా అని మిగతా నాలుగూ పొడిచాయి.

నీ జిమ్మడ! నువ్వు కూడానా? పది రోజులు నీ రెట్టలెత్తింది ఇందుకా?

 అత్త కత్తి తీసుకుని లేచింది.

“గిట్ల పొడవ నేర్చిందంటె, ఇగ ఇది మనింటి కోడే” అని లోపలికి పోయింది.

నేను మసి గిన్నె తీసుకుని ఎర్రపెట్ట వెంట పరుగెత్తాను.