నారింజ వాసన వేసిన పుట్ట

ఎర్సీలియా వేయించి అమ్మేందుకు పట్టిన రాణి చీమల్లో సగం నిమ్మతోట దొరగారి ఇంటికి పోయేవి. పెళ్లయి బారిచారా కొండకు వచ్చిన ఏడాది నుంచీ అదే తంతు. పుట్ట కంచె అవతల ఉంది కాబట్టి చీమలు కూడా దొరవేనట. పుట్ట చుట్టూ ముళ్లకంప నరికేది ఆమె, మూతి దగ్గర ఊడ్చేది ఆమె. మోకాళ్ల దాకా బూట్లు తొడిగినా సిపాయి చీమలు కొరికి నెత్తురు కళ్లజూసేది ఆమె చేతుల్లోనే. అయినా తట్టలో సగం, అదీ బొద్దుగా ఉన్న సగం, దొర వంటింట్లో పోసి వచ్చేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే కంచె తలుపుకు తాళం పడుతుందని భయం.

తొలి వానలు దగ్గరపడితే ఆమె ఒకచోట నిలిచేది కాదు. వాన వెలిసి ఎండ చురుక్కుమన్న పూట రెక్కల రాణులు పుట్టలోంచి ఎగబడి వస్తాయి. వాటిని పట్టి, రెక్కలూ కాళ్లూ తుంచి, ఉప్పు వేసి వేయించి సంతలో అమ్మితేనే ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. రాతిగనిలో నడుం విరిగిన మొగుడు మంచం మీద ఉన్నాడు. ఈసారి మరీ కాలు నిలవలేదు. పెనం మీద మొక్కజొన్న రొట్టె వేసి పుట్ట దగ్గరికి పరుగెత్తేది. తిరిగొచ్చేసరికి అది బొగ్గయి ఉండేది.

కొండమీద ఆడవాళ్లకొక కట్టుబాటు ఉంది. పుట్ట మూతి దగ్గర నారింజ తొక్క ఎవరు ముందు పెడితే ఆ ఏడు పుట్ట వాళ్లది. చీమలు ఆ తొక్కను కోసి లోపలికి మోసుకుపోతాయి. ఆకైనా తొక్కైనా అవి తినవు. నమిలి ముద్ద చేసి, దానిమీద తెల్లటి బూజు పెంచుతాయి. ఆ బూజే పిల్లలకు తిండి, రాణుల ఒంటికి కొవ్వు.

ఎర్సీలియా ఇంకా తన తొక్క పెట్టనేలేదు. ఒక పొద్దున వెళ్లి చూస్తే చీమల బారు ఆకుముక్కలు మానేసి గోధుమరంగు గింజలేవో మోస్తోంది. ఒకటి తీసి నలిపి వాసన చూసింది. నారింజ! ఒళ్లు భగ్గుమంది. ఇది తోడికోడలు అమింత పని తప్ప ఇంకెవరిదీ కాదనుకుంది. అదే ఊపున దిగి వాళ్లింటి మీదికి వెళ్లింది.

“ఏమే అమింతా, నా పుట్టకు నారింజ పెట్టావా?”

అమింత మొక్కజొన్నలు వలుస్తూ తలెత్తలేదు. “నీ పుట్టా? దాని నుదుట నీ పేరుందా అక్కా? పెట్టాలనుకుంటే నీ కళ్లముందే పెడతాను. నాకేం దొంగబతుకా?”

“మరి ఆ గింజలెవరివి?”

“మా బావనడుగు. మంచంలోంచే మంత్రం వేశాడేమో!”

ఎర్సీలియా నమ్మలేదు. పుట్ట దగ్గరికి పోయి, కంచె వెంబడి పడి ఉన్న గింజలన్నీ చీపురుతో ఊడ్చుకొచ్చి మూతి దగ్గర కుప్ప పోసింది. ఎవరు చల్లితేనేం, మూతి దగ్గర పెట్టింది తను. ఇక పుట్ట తనదే. సాయంత్రానికి గింజ మిగల్లేదు.

కొద్దిరోజులకే చీమల దారి బోసిపోయింది. పుట్ట పక్క కన్నంలోంచి మిగిలిన చీమలు ముద్దలు ముద్దలుగా ఏదో బయటికి దొర్లిస్తున్నాయి. అది బూజే. తెల్లగా ఉండాల్సింది నల్లబడి, కుళ్లి, నీరు కారుతోంది. ఆమె దాన్ని చూస్తూ నిలబడి ఉండగా తోట మేస్త్రీ ఒవీడియో అటుగా వచ్చాడు.

“మందు బాగా పట్టినట్టుందే ఎర్సీలియమ్మా! నిమ్మ చిగుళ్లన్నీ బోడి చేసేశాయి వెధవ చీమలు. నారింజ పిప్పిలో కలిపిన మందు. అవే మోసుకుపోయి వాటి బూజుతోటను అవే చంపుకుంటాయి. ఎలా ఉంది తెలివి?”

“మాకొక మాట చెప్పలేదేం?”

“మీకెందుకు చెప్పాలి? తోట మీదా?”

ఆమె గిరుక్కున వెనుదిరిగింది. ఇంటికొచ్చి చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. ఊడ్చి పోసింది తనేనని ఎవరితో చెప్పుకోవాలి? చెబితే అమింత ఊరంతా చాటదా? చెప్పకపోతే?

వాన పడింది. మర్నాడు ఎండ కాసింది. మందు పెట్టకముందే పెరిగిన రాణులు కొన్ని తూలుతూ బయటికొచ్చాయి. ఎర్సీలియా వెళ్లేసరికి నలుగురైదుగురు ఆడవాళ్లు తట్టలతో వంగి ఉన్నారు. అందరికంటే ముందు అమింత. దొరవారి సగం కోసం బకెట్టుతో ఒవీడియో.

“పట్టొద్దే, ఎవరూ పట్టొద్దు!” ఎర్సీలియా పుట్ట మూతికి అడ్డంగా నిలబడింది.

“చూశారా, అంతా తనొక్కతే మింగాలని!” అంది అమింత.

“విషమే! ఆ గింజలు విషం. తోటవాళ్లు చల్లారు. నువ్వు పెట్టావనుకుని, కుళ్లుకుని, ఊడ్చి ఇక్కడ పోసింది నేనే. తిట్టుకో, కొట్టు. కానీ పట్టొద్దు.”

వంగినవాళ్లు వంగినట్టే ఆగిపోయారు.

ఒవీడియో నవ్వాడు. “మందు బూజుకి గానీ రాణులకేం కాదమ్మా. అయినా పెనం మీద వేగాక విషమేంటి? కానివ్వండి, ఎండ పోతోంది.”

ఎర్సీలియా అమింత చేతిలోని తట్ట లాక్కుని అతని ముందుకు చాచింది. “అయితే ఈ ఏడు సగం కాదు, మొత్తం దొరగారికే. పట్టుకెళ్లి వాళ్ల పిల్లలకు వేయించి పెట్టమను.”

బకెట్టున్న చెయ్యి వెనక్కి పోయింది. “ఈసారికి... అక్కడ వద్దులే.”

“ఎందుకు వద్దు?”

అతను ఖాళీ బకెట్టుతో గట్టు దిగాడు. అమింత తన తట్ట తీసుకుని నేలమీద బోర్లించింది. “వాళ్ల పిల్లలకు వద్దు, మన పిల్లలకైతే విషం పెనం మీద పోతుందట! థూ!” మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు తట్టలు దులిపేశారు.

మర్నాడే కంచెకు తాళం పడింది. ఆ పుట్ట మళ్లీ లేవలేదు. ఎర్సీలియా ఇప్పుడు అమింతతో కలిసి అవతలి కొండమీది పుట్టల దగ్గర పనిచేస్తోంది. “చీపురు నాకిచ్చి నువ్వు తట్ట పట్టుకో అక్కా, నిన్ను నమ్మలేం” అని అమింత రోజూ ఏడిపిస్తుంది.

ఆడవాళ్లంతా కలిసి మునిసిపాలిటీకి వెళ్లి ఒక్కటే అడిగారు: మందు పెట్టేముందు ఏరుకుని తినేవాళ్లకు చెప్పాలి, కంచెకు ఎర్రగుడ్డ కట్టాలి. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. ప్రతి సంతరోజూ ఎర్సీలియా ఆ ఆఫీసుకు వెళ్తుంది. బల్లమీద కూర్చోమన్నా కూర్చోదు, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంది.

చదివిన మీకొక మనవి. మీ పొలంగట్ల మీద కూరాకు కోసుకునేవాళ్లుంటారు, పీతలూ నత్తలూ ఏరుకునేవాళ్లుంటారు. మందు కొట్టేముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పండి. పక్క చేలో కొడుతుంటే, వాళ్లకు చెప్పారా అని ఆగి అడగండి. గట్టున ఎర్రగుడ్డ కట్టాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఈ వానలు మొదలయ్యేలోపే.