సైదమ్మ చేతులు చెప్పిన మాట

2012లో నేను మిర్యాలగూడలో డాక్యుమెంట్ రైటర్‌గా పనిచేస్తున్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద మా టేబుళ్లు నాలుగైదు వరసగా ఉండేవి. అమ్మకం, పంపకం, తనఖా, ఏ కాగితమైనా మేం రాశాకే లోపల అధికారి ముందుకు వెళ్లేది. అప్పటికి ఆ పనిలో నాకు ఇరవై ఏళ్లు. మనిషి మొహం చూసి ఏ కాగితానికి వచ్చాడో చెప్పగలనని గర్వం కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి లింగయ్య వచ్చాడు. నిడమనూరు దగ్గర ఊరు అతనిది. గొర్లమందలు, కాలువ కింద పొలం, ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. తనవాళ్ల కాగితాలన్నీ నా దగ్గరికే పంపేవాడు. ఆరోజు చెల్లెలు సైదమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. పుట్టు చెవుడు, మాట రాదు. తండ్రి పోయాక పొలంలో ఆమెకు వచ్చే వాటాను అన్నకు వదిలేస్తున్నట్టు రిలీజ్ డీడ్ కావాలన్నాడు. నా హక్కు నేను విడిచిపెడుతున్నాను అని రాసిచ్చే కాగితం అది.

రాశాను. ఎప్పుడూ రాసినట్టే “ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా” అని కూడా రాశాను. రాసినదాన్ని ఇచ్చేవాళ్లకు చదివి వినిపించడం మా పద్ధతి. ఈమెకెట్లా అని అడిగితే, ఇంట్లో అంతా చెప్పామన్నాడు లింగయ్య. “ఆమెకేం తెలుస్తది? వేలుముద్ర ఏపియ్యి, అయిపోతది.” నేను సరేనని ఇంకు ప్యాడు తెరిచాను. ఆ తప్పు నాదే, దాచుకోను.

సైదమ్మ చెయ్యి ఇవ్వలేదు. సంచిలోంచి ఫోను తీసింది. చెవులు వినబడని మనిషికి ఫోనెందుకని నాకు నవ్వొచ్చింది. రేకుల కింద సిగ్నల్ అందకపోతే బయటికి నడిచి, ఆగి ఉన్న ఆటో సీటుకు ఫోను ఆనించి, ఎదురుగా నిలబడింది. మా వైపు త్రీజీ కొత్తగా వచ్చిన రోజులవి. కాగితం పట్టుకుని నేనూ వెనకాలే వెళ్లాను. తెరమీద తల నెరిసిన ఒకావిడ కనబడింది. సైదమ్మ రెండు చేతులూ కదలడం మొదలైంది. అంత గబగబా, అంత కోపంగా మాట్లాడే చేతుల్ని నేను అంతవరకు చూడలేదు.

ఆవిడ కోదాడలో ఉంటున్న రాజ్యలక్ష్మి టీచర్. సైదమ్మ చిన్నప్పుడు మూడేళ్లు చదివిన బధిరుల బడిలో సైగల భాష నేర్పిందట. కుట్టుమిషన్ మీద సంపాదించి సైదమ్మ ఆ ఫోను కొనుక్కుందనీ, బడి స్నేహితులతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుతుందనీ ఆవిడే చెప్పింది. కాగితం చదవండి, నేను ఆమెకు చెబుతాను అంది.

వాక్యం వాక్యం చదివాను. బొమ్మ మధ్యమధ్య ఆగిపోతే మళ్లీ చదివాను. “ఇష్టపూర్వకంగా” అన్న మాట దగ్గర సైదమ్మ నావైపు తిరిగి ఏదో అడిగింది.

టీచర్ గొంతు ఫోన్లోంచి వచ్చింది. “మిమ్మల్నే అడుగుతోందండీ. నాకు ఇష్టమని మీకెవరు చెప్పారు అంటోంది.”

నేను లింగయ్య వైపు తిరిగాను.

రేషన్ కార్డు పని ఉందని చెప్పి ఆమెను తీసుకొచ్చారట. పొలం ఇవ్వనంటోంది అని టీచర్ స్పష్టంగా చెప్పింది. చుట్టూ జనం పోగయ్యారు. లింగయ్య మొహం ఎర్రబడింది. “గా టీచరమ్మ సొంతంగ అల్లి సెప్తున్నది. నా చెల్లెకు గిన్ని మాటలేడివి? ఈ యాసంగి పొలంల ఏమేసినమో సెప్పమను, సూద్దాం” అన్నాడు.

టీచర్ అడిగింది. సైదమ్మ చేతులు బదులిచ్చాయి. “మూడు మడుల్లో వరి వేశారంట. గట్టు పక్క నేల చెక్కలో గొర్రెల కోసం జొన్న తనే చల్లిందంట. మా అన్న ఆ పొలం తొక్కి రెండు నెలలైంది, అతనికి జొన్న సంగతి తెలియదు అంటోంది.”

జనంలో ఎవరో నవ్వారు. లింగయ్య నవ్వలేదు, కాదనీ అనలేదు. నన్ను పక్కకు పిలిచి, ఇయ్యాల ఈ కాగితం కాకపోతే తన మనిషి ఒక్కడు కూడా నా టేబుల్ దగ్గరికి రాడని చెప్పాడు.

“రాకుంటే రాకపాయె. ఈ కాగితం నా చేతుల మీద పోదు” అని దానిమీద అడ్డంగా గీత కొట్టాను.

అతను చివరి టేబుల్ వైపు నడిచాడు. సైదమ్మ అతనికంటే ముందే అక్కడికి చేరి, ఆ రైటర్ కళ్లలోకి చూస్తూ, వద్దని చేతులు అడ్డంగా ఊపింది. ఆ తర్వాత మిగతా టేబుళ్లన్నిటి దగ్గరికీ అట్లాగే వెళ్లింది. ఆరోజు ఎవరూ కలం పట్టలేదు.

ఊళ్లో పెద్దమనుషుల ముందు ఎన్నిసార్లు కూర్చోబెట్టినా ఆమె ఆ ఫోనుతోనే వెళ్లి వాటా వదలననే చెప్పేదని, చివరికి వాళ్లూ ఆమె వాటా ఆమెకే అన్నారని తర్వాత విన్నాను. ఎనిమిది నెలలకు పంపకం కాగితం నేనే రాశాను. ఆమె వాటా ఆమె పేరు మీదికి వచ్చింది. లింగయ్య తలెత్తకుండా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. అన్నట్టే తనవాళ్లనెవరినీ మళ్లీ పంపలేదు.

మాటరాని మనిషికి చెప్పుకునేది ఏమీ ఉండదని ఇరవై ఏళ్లు అనుకున్నాను. ఉంటుంది. తెలుసుకునే ఓపిక మాకే లేదు. ఎవరి హక్కు పోతుందో వాళ్లే నా ఎదురుగా చెప్పాలి, నోటితోనైనా సరే, చేతులతోనైనా సరే. ఇంటివాళ్లు చెబితే రాయను. ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లకు పక్క టేబుల్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.