సంచుల తాత పెట్టిన గడియ

నా చిన్నప్పుడు మా ఊరి నేల తెల్లబడటం ఒక్కసారే చూశాను. మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో కొండల ఊరి వీడియో చూపించి, మన దగ్గర మంచు ఎప్పుడైనా పడిందా నానమ్మా అని అడిగింది. ఖానాపురం హవేలి అనే పేటలో మా ఇల్లు, నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, అయినా చెమటలు. మంచు కాదు గానీ ఒకసారి రాళ్లవాన పడిందమ్మా అన్నాను. వడగళ్లని పుస్తకాల్లో రాస్తారు, మేం రాళ్లనే అనేవాళ్లం. అది విని పిల్ల వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా ఒంట్లో చలి పోలేదు.

మా ఊరు ఏన్కూరు దాటి చండ్రుగొండ వైపు పోయే దారిలో, అడవి అంచున ఉండేది. మా తాతయ్య కోస్తా నుంచి వచ్చి అక్కడ భూమి కొని మిరప వేశాడు. కాయలు ఆరబోసే కల్లం ఊరికి మైలు పైనే దూరం. కల్లం పక్కన కాయల సంచులు పెట్టే కొట్టు ఉండేది. మట్టి గోడలు, వాలుగా రేకుల కప్పు, ఒకటే తలుపు, అదీ బయటికి తెరుచుకునేది. ఎండ తగలకుండా ఆ తలుపు ముందు దుంగలు పాతి తాటాకు పందిరి వేయించాడు మా నాన్న.

ఎండిన కాయ సంచులకెక్కే రోజుల్లో ఏన్కూరు నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. సంచుల మూతులు కుట్టడం ఆయన పని. చేతిలో దబ్బనం, భుజాన సుతిలి తాడు ఉండ. పెద్దవాళ్లు సాయిబూ అని పిలిచేవాళ్లు, పిల్లలం సంచుల తాత అనేవాళ్లం. తాడును పళ్లతో పట్టి బిగించేవాడు కనుక పగలంతా ఆయన నోరు ఖాళీగా ఉండేది కాదు. పిల్లల్ని దగ్గరికి తీసే మనిషీ కాదు, కసిరే మనిషీ కాదు. నాకైతే ఆయనంటే ప్రత్యేకంగా ఇష్టమూ లేదు, భయమూ లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఐదు. ఉగాది ఇంకా రాలేదు. ఆ రోజు అమ్మ మమ్మల్ని పక్కింటి అక్కకు అప్పజెప్పి, అందరికీ అన్నం తేవడానికి ఊళ్లోకి వెళ్లింది. నాన్న బండి కట్టుకుని అప్పటికే వెళ్లిపోయాడు. కల్లంలో గూడెం నుంచి వచ్చి పనికిరాని తాలుకాయలు ఏరుతున్న ఇద్దరు కోయ ఆడవాళ్లు, పదహారేళ్ల అక్క, మేమిద్దరం, సంచుల తాత, అంతే ఉన్నాం.

మబ్బు ఒక్కసారిగా కమ్మింది. మామూలు మబ్బులా నల్లగా లేదు, పసరు రంగులో ఉంది. కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుదామని ఆడవాళ్లు లేచేలోపే మొదటి రాయి పడింది. నిమ్మకాయంత ఉంది. అది చూసి చెల్లి నవ్వుతూ పరుగెత్తింది ఏరుకోవడానికి. రెండోది దాని భుజం మీద పడింది. అక్క దాన్ని చంకనేసుకుని కొట్టులోకి ఉరికింది. అప్పటికే వాన కూడా కుండపోతగా మొదలై, లోపలికి చేరేసరికి అందరం తడిసి ముద్దయ్యాం. సంచుల తాత అందరికంటే వెనక వచ్చి తలుపు లాగాడు.

రేకుల మీద ఆ మోత చెప్పడానికి నాకు మాటలు లేవు. పక్కన మనిషి అరిచినా వినిపించదు. మేం వెనక గోడకు నక్కి చెవులు మూసుకున్నాం. తాత ఒక్కడే తలుపు దగ్గర ఉన్నాడు. మసక చీకట్లో ఆయన వీపు కనిపిస్తోంది. భుజం ఆనించి తలుపును తోస్తున్నట్టున్నాడు. గాలికి ఊడిపోకుండా పట్టుకున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి గడియ పెట్టి, దానికే వీపు ఆనించి కూర్చున్నాడు.

నాకు అమ్మ గుర్తొచ్చింది. ఈపాటికి అన్నం గంపతో దారిలో ఉంటుంది. ఆ దారిలో తలదాచుకోవడానికి ఒక్క ఇల్లు లేదు.

మోత ఎంతసేపటికో తగ్గింది, తరువాత పూర్తిగా ఆగిపోయింది. చప్పుడు పోగానే చలి తెలిసింది. తలుపు కింద నుంచి మంచు నీళ్లు లోపలికి పాకుతున్నాయి. మాఘంలో తెల్లవారుజామున వేసే చలిమంట తప్ప చలంటే ఏమిటో తెలియని వాళ్లం. పళ్లు టకటక కొట్టుకుంటుంటే ఆపడం చేతకాలేదు. చెల్లి పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పక్కింటి అక్క లేచి, ఇక తలుపు తీయి తాతా, పిల్లల్ని ఊళ్లోకి తీసుకుపోతా అంది.

"తియ్య," అన్నాడాయన. "గడియ పెట్టింది నేను. తీసేది గూడ నేనే. మళ్ల పడతయి రాళ్లు."

"ఆగిపాయె గదా."

"పడతయంటున్న. కూసో."

ఆడవాళ్లలో ఒకామె దగ్గర తడవని అగ్గిపెట్టె ఉంది. నాలుగు పుల్లలు విరిచి మంట వేద్దామంది. తాత లేచి ఆ అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి లాక్కుని జేబులో వేసుకున్నాడు. చుట్టూ మిరప సంచులు పెట్టుకుని నిప్పు రాజేస్తారా, ఘాటుకే పోతాం అన్నాడు. ఆమె తలుపు తెరిచి పెడితే పొగ పోతుంది కదా అంది. ఆయన వెళ్లి మళ్లీ గడియకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆమె చాలాసేపు ఆయన మొహం చూసింది, తలుపు వైపు చూసింది. రెండో ఆమెతో కోయలో ఏదో మెల్లగా అంది. ఆ తరువాత వాళ్లిద్దరూ మంట మాట ఎత్తలేదు.

తాత మూల నుంచి కొత్త గోనె సంచులు తీశాడు. అడుగున మెడకు, పక్కల చేతులకు కంతలు కోసి, చెల్లి తడి గౌను విప్పించి తొడిగాడు. దాని మీద ఇంకో సంచి. మధ్యలో ఆడవాళ్లు మిరప సంచుల కింద పరిచిన వరిగడ్డి తెచ్చి కూరారు. ఆయన దబ్బనంతో అంచులు కలిపి కుడుతూ కూర్చున్నాడు. నింపిన మిరప సంచులు మా చుట్టూ గోడలా నిలబెట్టించాడు. ఆ ఘాటుకు అందరం దగ్గుతూనే ఉన్నాం. ఆయన కుట్టడం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ చకచకా కుట్టే మనిషి ఒక్కో కుట్టు వేసి, నిమిరి, మళ్లీ విప్పి కుడుతున్నాడు. అక్క అడిగినప్పుడల్లా ఈ అంగీ అయినాక తీస్తా అంటాడు. అది అయిపోతే ఇంకొకటి మొదలుపెడతాడు.

మా అమ్మ బయట ఉంది అన్నాను. తెలుసన్నాడు. మరి తీయమన్నాను. తియ్యనన్నాడు. నేను లేచి గడియ మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆ చేతిని కొరికాను. పళ్లు దిగేదాకా కొరికాను. ఆయన కదల్లేదు. అప్పుడు నోటికొచ్చిందల్లా అన్నాను. మా అమ్మ చచ్చిపోతే నీకేంటి, నీకేమవుతుంది, నువ్వు కూలికి వచ్చినవాడివి అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ అనని మాట అది. ఎక్కడ నేర్చానో ఇప్పటికీ తెలియదు.

"తిట్టు బేటీ," అన్నాడాయన. "తిడితే ఒళ్లు వేడెక్కుతది."

అక్కకు అదే సందయింది. ఆమె కూడా మొదలుపెట్టింది. అగ్గిపెట్టె తెచ్చిన గూడెం ఆమె కూడా లేచి చేతులు తిప్పుతూ ఆయన్ని తన భాషలో గట్టిగా దులిపింది, మధ్యలో ఒకసారి నవ్వు ఆపుకున్నట్టు కూడా అనిపించింది. చెల్లి సంచిలోంచి తల బయటపెట్టి, తాత మంచోడు కాదు అంది. ఆయన తల దించుకుని కుట్టుకుంటూనే ఉన్నాడు.

బయట మాటలు వినిపించేసరికి పొద్దు వాలుతోంది. నాన్న గొంతు ముందు విన్నాను, వెంటనే అమ్మది. నేను తలుపు మీద పడి ఏడ్చాను. తాత అప్పుడు లేచి గడియ తీశాడు. తలుపు రాలేదు. నేను తోశాను, అక్క తోసింది. గోడను తోసినట్టే ఉంది. బయట గడ్డపారల చప్పుడు, దుంగలు ఈడుస్తున్న చప్పుడు, అది చాలాసేపు సాగింది. చివరికి తలుపు జానెడు తెరుచుకుని వెలుతురు పడింది.

కల్లమంతా తెల్లగా ఉంది. కొట్టు ముందు నా నడుము ఎత్తున రాళ్లు కుప్పబడ్డాయి. కప్పు మీద పడినవన్నీ అటే జారాయి. వాటి కింద పందిరి కూలి, దుంగలు తలుపుకు అడ్డంగా బిగుసుకున్నాయి. చెట్ల కింద చిలకలు చచ్చి పడి ఉన్నాయి. ఆ తెలుపు కింద నుంచి మిరపకాయల నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. ఆ ఏడు పంట అక్కడితో సరి. అమ్మ నన్ను ఒక్క చేత్తోనే దగ్గరికి హత్తుకుంది. రాళ్లు పడ్డంతసేపూ దారి కిందున్న తూములో దూరి కూర్చుందట. దూరేలోపే తగిలిన రాయికి రెండో చెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయింది.

ఈ దుంగలు చూడండి, లోపలి నుంచి పదిమంది తోసినా వచ్చేది కాదు అంటున్నాడు నాన్న ఎవరితోనో. అది విని నేను తాత వైపు తిరిగాను. వెలుతురులో ఆయన కుడి భుజం దగ్గర చొక్కా చిరిగి ఉంది, చర్మం లేచిపోయి రక్తం గట్టిపడి ఉంది. మోతలో ఆయన వీపు కనిపించింది గుర్తొచ్చింది. నేను కొరికిన చేతిని ఆయన తువ్వాలులో చుట్టుకున్నాడు.

మర్నాడు ఆయన మా సంచి అంగీలతో వచ్చేసిన తన దబ్బనం తీసుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. నేను స్తంభం పక్కన నిలబడి, తలుపు రాదని నీకు ముందే తెలుసా అని అడిగాను.

"అవ్."

"మరి గడియ పెట్టింది నేనే, తియ్యను అన్నావెందుకు?"

ఆయన టీ ఊదుకున్నాడు. "తలుపు రాదంటే మీరంత ఏడుద్దురు, మీద మీద పడుదురు. ఏడ్చెటోళ్లను ఆపుడు నాతోని గాదు. నన్ను తిట్టబట్టిరి. గది మంచిగైంది."

నేను ఆయన్ని క్షమించమని అడగలేదు. ఆ వయసులో ఆ మాట రాదు. గ్లాసు అందుకుని నేనే కడిగాను, అంతే. ఆయన ఆ తరువాత ఇంకో రెండేళ్లు వచ్చాడు. ఎప్పటిలాగే తాడు పళ్లతో పట్టుకుని కుట్టుకునేవాడు. ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఒక మనిషి ఎదుటివాళ్ల భయాన్ని తీసేయలేకపోయినా, దాన్ని కోపంగా మార్చి తన మీదకు తిప్పుకోవచ్చని నాకు అప్పుడు తెలిసిందని చెప్పలేను. మెల్లమెల్లగా, బతుకులో పడ్డాక తెలిసింది. మా ఆయనకు గుండె జబ్బు వచ్చి పెద్ద దవాఖానాలో చేర్చినప్పుడు, గది వదిలి కదిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. ఆయనేమో ఇంటికి పోదామని ఒకటే పట్టు. అసలు సంగతి చెబితే ఆ రాత్రే బెంగతో పోయే మనిషి. డాక్టరు పంపుతానన్నా నేనే వద్దన్నాననీ, ఇంట్లో చాకిరీ నావల్ల కాదనీ ఆయనతో చెప్పాను. పదిహేను రోజులు నన్ను తిట్టాడు. వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. మా అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, ఎందుకమ్మా ఈ మాటలు పడతావు అని ఏడ్చింది. పడనీ అన్నాను. తిట్టినన్నాళ్లూ మూడు పూటలా అన్నం తిన్నాడు.

తేరుకుని ఇంటికొచ్చాక ఇంకో నాలుగేళ్లు బతికాడు. ఎవరు వచ్చినా ఆ పదిహేను రోజుల సంగతి చెప్పి నన్ను దెప్పేవాడు. నేను లోపల కాఫీ కలుపుతూ, అవును, నేనే వద్దన్నాను అనేదాన్ని.