బావ చూపించిన చోటు

మా బావకి నేల మీద నిద్ర పట్టేది కాదు. మంచం కదలకుండా ఉంటే కడుపులో తిప్పుతుందనేవాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క అది హాస్యమనుకుంది. నెల తిరక్కుండానే ఆయన మంచానికి కాళ్లు ఊడదీసి, నాలుగు తాళ్లతో దూలానికి వేలాడగట్టాడు.

"తేల్చి చెప్పు. నేను కావాలా, ఆ పడవ కావాలా?" అని అక్క నిలదీసింది.

"పడవ ఇంతవరకూ నన్నీ ప్రశ్న అడగలేదు" అన్నాడు బావ, ముడి బిగిస్తూ.

ఆయన పోయి రెండు నెలలైంది. మంచం ఇంకా వేలాడుతూనే ఉంది. అక్క విప్పనివ్వడం లేదు.

పన్నెండో ఏట తండ్రి పడవ ఎక్కినవాడు, యాభై తొమ్మిదో ఏట జబ్బు వచ్చి దించేదాకా దిగలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ దగ్గరకి పోయి, వేలు తడిచేసి బయటపెట్టి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకునేవాడు. ఆ తర్వాతే కుశలప్రశ్నలు. ఒడ్డుకి దగ్గర్లో వల వేసేవాళ్లని చూస్తే ఆయనకి జాలి. "అది చేపలు పట్టడమా? కాళ్లు కడుక్కోవడం" అనేవాడు. తనది గాలం. తీరం సన్నటి గీతలా మిగిలేంత దూరం పోయి, నీటి అడుగున రాళ్ల దిబ్బ మీద బతికే పెద్ద చేపల కోసం గాలం వదిలేవాడు.

ఆ దిబ్బని కనిపెట్టింది వాళ్ల నాన్న. కొడుకులిద్దరికీ చెరో పడవ ఇచ్చి, ఆ చోటు మాత్రం ఇద్దరికీ కలిపి ఇచ్చి, బయటికి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. దారి చూపే యంత్రాలు మా రేవుకి ఇంకా రాని రోజులవి. నడిసముద్రంలో ఒక చోటు మళ్లీ దొరకాలంటే ఒడ్డు మీది ఆనవాళ్లే దిక్కు. దగ్గర్లోని కట్టడం ఒకటీ, దాని వెనక దూరాన ఉన్నది ఇంకొకటీ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడపాలి. అలాంటి వరసలు రెండు కలిసే చోటే ఆ చోటు. అది బావకీ, నేను పెద్దబావ అని పిలిచే వాళ్ల అన్నగారికీ తప్ప మూడోవాడికి తెలియదు.

నేను అక్కావాళ్లింట్లోనే ఒక గదిలో ఉంటూ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వారపత్రికలకి అప్పుడప్పుడూ రాసేవాణ్ణి. అవి ఐసు ఫ్యాక్టరీ దగ్గర కూడబలుక్కుంటూ నలుగురికీ చదివి వినిపించేది బావే. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "బాగానే ఉంది గానీ బామ్మర్దీ, నువ్వు రాసే సముద్రం కుర్చీలోంచి లేవదు" అనేవాడు. చివరికి ఒక ఉదయం నన్ను పడవ ఎక్కించాడు.

రేవు దాటగానే నా పని అయిపోయింది.

"అటు తిరుగు, అటు! గాలి పోయే వైపు కక్కు. మీ అక్క వండింది నా మొహాన కొడతావా?"

"వెనక్కి తిప్పు బావా. నీకు దండం పెడతాను."

"దండం చుక్కానికి పెట్టు. నిన్ను ఇంటికి చేర్చేది అదే."

ఎండ ఎక్కాక ఇంజను ఆపాడు. రెండు చేతులతో నా తల పట్టుకుని ఒడ్డు వైపు తిప్పి, రెండు వరసలూ చూపించాడు. తర్వాత సీసం గుండు అడుగున సబ్బు మెత్తి, తాడుతో నీటి అడుగుదాకా వదిలాడు. పైకి లాగితే సబ్బుకి గవ్వ ముక్కలు, ఎర్రటి రాతి పొడి అంటుకుని ఉన్నాయి.

"చూశావా? మా నాన్న సంతకం" అన్నాడు. దాన్ని వాసన చూసి తనలో తనే నవ్వుకున్నాడు. "ఇది మీ అక్కకి కూడా చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"నీకు ఈతే రాదు, నువ్వొచ్చి నా చేపలు పట్టుకుపోతావా?" అని తాడు చుట్టపెట్టాడు. "మాకు పిల్లల్లేరు. అన్నయ్య కొడుకులు లారీలు తోలుకుంటున్నారు. మేం పోయాక ఎవరో ఒకరికి గుర్తుండాలి కదరా. నువ్వు మాటలు మర్చిపోవు."

మర్చిపోలేదు. ఇంటికొచ్చి వారం రోజులు కూర్చుని ఆ ప్రయాణం గురించి రాశాను. అంత బాగా అంతకుముందూ రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు. అందులో ఒక వాక్యం ఉంది. ఆ రెండు వరసలూ, నాలుగు ఆనవాళ్లూ, చూసింది చూసినట్టు. చదువుతుంటే సముద్రం మీద నిలబడి ఒడ్డుని చూస్తున్నట్టే ఉండేది. ఆ వాక్యం ఇక్కడ మళ్లీ రాయను.

తెలియక రాశానని తర్వాత అందరితోనూ అన్నాను. అక్కతోనూ అన్నాను. అబద్ధం. పత్రికకి పంపే ముందు చిత్తుప్రతిలో ఆ వాక్యాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను. కొట్టేశాక పేజీ బోసిపోయింది. కొట్టేసిన మాటని అలాగే ఉంచమని చెప్పాలంటే ప్రెస్సులో మేం దాని కింద వరసగా చుక్కలు పెడతాం. పెన్సిలు మళ్లీ చెక్కుకుని చుక్కలు పెట్టాను. తొందరపడి కాదు. నిదానంగా, ఒక్కొక్కటే.

ఆదివారం అచ్చయింది. బుధవారం బావ వెళ్లేసరికి ఆ చోట పదకొండు పడవలున్నాయి. ఒకడైతే పత్రిక పేజీ చించి చుక్కాని పక్కన అతికించుకున్నాడట. ఆ ఏడాది తిరిగేసరికి దిబ్బ మీద చేప లేదు.

ఆ బుధవారం సాయంత్రం బావ నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సరిగ్గా రాశావు బామ్మర్దీ. బెత్తెడు తేడా లేదు."

ఎగతాళి కాదు. మెచ్చుకోలే. నేను నోరు తెరిచేలోగా వాకిట్లో పెద్దబావ గొంతు వినిపించింది.

"ఏరా, నాన్న ఇచ్చింది ఊరందరికీ పంచిపెట్టావా?"

బావ నా గది తలుపు దగ్గరకి లాగి బయటికి నడిచాడు. "నేనే రాయమన్నానన్నయ్యా."

"నువ్వా?"

"దాచుకుని ఏం చేసుకుంటాం? పోయేటప్పుడు నెత్తిన పెట్టుకుపోతామా?"

"నీకు చెప్పకుండా ఉండాల్సింది నాన్న" అన్నాడు పెద్దబావ. అరవను కూడా లేదు. వెళ్లిపోయాడు.

నాకూ ఆ తలుపుకీ మధ్య రెండడుగులు. నేను వేయలేదు.

పంతొమ్మిదేళ్లు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. రెండు పడవలూ మాత్రం రేవులో పక్కపక్కనే, ఒకదానికొకటి రాసుకుంటూ ఉండేవి. బావ తన పడవ కడిగేటప్పుడు ఎవరూ చూడకుండా రెండు బకెట్లు అన్నగారి పడవ మీద కూడా పోసేవాడు. నెలకోసారి ఆ చోటుకి వెళ్లేవాడు. గాలం వేసేవాడు కాదు. సీసం గుండు దించి, సబ్బు చూసుకుని తిరిగొచ్చేవాడు.

అక్క ఒకే ఒక్కసారి, అది అచ్చయిన వారంలోనే, అంది. "పదహారేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు చెప్పలేదు. నీకు చెప్పాడు. కడుపులో దాచుకోలేకపోయావురా?"

ఆసుపత్రిలో ఆయన కిటికీలోంచి పెట్రోలు బంకు కనిపించేది. బంకు మీది జెండాలు చూసి గాలి ఎటో చెప్పడం నా పని. ఒక పొద్దున ధైర్యం తెచ్చుకున్నాను.

"బావా, అప్పుడు ఆ వాక్యం నేను..."

"గాలి సంగతి చెప్పు."

"తూర్పు నుంచి."

"గట్టిగానా?"

"ఓ మోస్తరు."

"అయితే ఇవాళ వెళ్లొచ్చు" అని కళ్లు మూసుకున్నాడు.

ఆయన పోయిన వారానికి పెద్దబావ ఇంటికొచ్చాడు. వేలాడే మంచానికి ఒక తాడు సడలి ఉంటే విప్పి, బావ వేసే ముడే మళ్లీ వేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ మీద నాకేం కోపం లేదు. వాడు రాయమన్నాడు, నువ్వు రాశావు. నాన్న మాట నిలబెట్టనివాడు వాడే" అన్నాడు.

అక్క నా మొహంలోకి చూసింది.

"కాఫీ తాగుతారా పెద్దబావా?" అని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇది రాసింది అందుకే. పెద్దబావకి చదవడం రాదు. అందుకని ఇక్కడిదాకా రాసిన కాగితాలూ, అప్పటి చిత్తుప్రతీ పట్టుకుని నిన్న రేవుకి వెళ్లాను. ఆయన పడవలో కూర్చుని మొత్తం చదివి వినిపించాను. చిత్తుప్రతి చేతికిస్తే, ఎర్ర గీత కింద చుక్కల మీద వేలు పెట్టాడు.

"ఇవేనా?"

"ఇవే."

"ఇన్ని పెట్టాలా?"

"వాక్యం ఎంత పొడుగుంటే అన్ని పెట్టాలి."

ఆయన కాగితం నాకిచ్చేసి లేచాడు. నా వైపు చూడలేదు. బకెట్టు తీసుకుని నీళ్లు తోడి, పక్కనున్న బావ పడవ మీద పోశాడు. ఇంకో బకెట్టు. ఇంకోటి. ముక్కు నుంచి చుక్కానిదాకా గుడ్డతో రుద్దుతూ కడగడం మొదలుపెట్టాడు. నేను కాగితాలు ఒడ్డున రాయి కింద పెట్టి, సాయం పడదామని రెండో బకెట్టు అందుకోబోయాను.

"అది అక్కడ పెట్టు" అన్నాడు పెద్దబావ.

పెట్టేశాను.