తలుపుకి ఇటువైపు

ఆమెకి విమానం పిల్ల అని పేరు పెట్టింది వదిన. ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం దొరికిన కొత్తలో మురిపెంగా పెట్టింది. ఏళ్ళు గడిచాయి, కణతల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి, నడుం పట్టేసే జబ్బు వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. వీధిలో మందుల షాపాయనకీ, పక్క మేడలో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుకీ కూడా ఆమె విమానం పిల్లే. సమ్మె మొదలయ్యాక ఆ పేరు పలికే తీరు మారింది. ముందు కొంచెం అసూయ ఉండేది, ఇప్పుడు ఉమ్మినట్టు పలుకుతున్నారు.

అమ్మానాన్నలు పోయాక ఆమెని పెంచింది అన్నయ్య. అతను వడ్రంగి. ఇంటి ముందు గదే దుకాణం. ఆమె చదువంతా చెక్కపొట్టు వాసనలోనే సాగింది. అన్నయ్యకి ఒకటే పిచ్చి: తలుపు గుమ్మంలో చప్పుడు లేకుండా కూర్చోవాలి. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగే ముందు వాళ్ళ తలుపు ఓసారి ఊపి చూస్తాడు. "మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఈ మనిషి నా మొహం చూళ్ళేదు, మా వీధి తలుపు చూశాడు. కింద గీసుకుంటోందండీ అని మా నాన్నకి చెప్పాడు," అంటుంది వదిన ఇప్పటికీ.

విమానంలో ఆమె పనికి కూడా తలుపుతో ఒక లంకె ఉంది. తలుపు మూసి, చక్రం కదిలితేగానీ జీతం లెక్క మొదలవదు. అంతకు ముందు చేసేదంతా ఉచితం. గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి మనిషినీ పలకరించడం, పెట్టెలు ఎత్తి పై అరల్లో కుక్కడం, కిటికీ సీటు కోసం కొట్లాడుకునేవాళ్ళని విడదీయడం, అన్నీ. పొగమంచు పట్టి విమానం గంటల తరబడి కదలకపోతే జనం తిట్లు తినేది కూడా వీళ్ళే, అదీ ఉచితంగానే. ఆమె నడుం పట్టేసింది ఒక పెట్టె ఎత్తుతూ. కంపెనీ డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, "ఇది పని వేళల్లో జరిగిన దెబ్బ కాదమ్మా," అన్నాడు. తలుపు ఇంకా పడలేదు మరి. ఆ రోజు ఆమె ఏడవలేదు. కడుపు మండింది, అంతే. ఆ మంట ఆరలేదు.

సమ్మె చెయ్యాలని ఓటు పడగానే, విమానాశ్రయం ముందు పేవ్‌మెంటు మీద ఒక తలుపు నిలబెడదామన్నది ఆమే. పాత ఇళ్ళు కూలగొట్టి సామాన్లు అమ్మే చోట గుమ్మంతో సహా ఒక తలుపు కొన్నారు. నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు కలిసి దాన్ని ఇసుక బస్తాల ఆసరాతో నిలబెట్టారు. నిలబడిందంటే నిలబడింది. పై కీలు ఊడి ఒక పక్కకి వాలింది, తీస్తే నేలని గీరుకుంటూ కీచుమంది. దాని మీద ఒక అట్ట కట్టారు: 'ఇటువైపు చేసే పని ఉచితం.'

మూడో రోజు ఒక భారీ మనిషి సామాన్ల బండి తోసుకుంటూ సరాసరి ఆమె మీదకి వచ్చాడు. వెనక భార్య, ఇద్దరు పిల్లలు. విమానం రద్దయింది.

"మా అమ్మ అక్కడ మంచం మీదుంది. నేనిక్కడ రోడ్డు మీదున్నా. మీకు జీతాలు చాల్లేదా? గాల్లో ట్రేలు తిప్పేదానికి సమ్మె ఒకటా?"

ఆమె అతని వైపు చూసింది. చూసి నవ్వింది.

కావాలని నవ్వలేదు. ట్రైనింగులో పళ్ళ మధ్య పెన్సిలు అడ్డంగా పెట్టి నవ్వు నేర్పారు. ఆ తర్వాత మనుషుల్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టించారు. నవ్వు జారిన వాళ్ళని ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి ఎవరు గొంతు పెంచినా ఆ నవ్వు దానంతటదే వచ్చి మొహం మీద కూర్చుంటుంది. కసురుకుంటే పారిపోని పిల్లిలాగా.

"నవ్వుతావేంటి? మా అమ్మ చచ్చిపోతే నీకు నవ్వొస్తుందా?" అని అరిచాడతను. ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది, కింద ఒక ముక్కతో: 'మన ఏడుపు వీళ్ళకి నవ్వులాట.'

మర్నాడు మందుల షాపులో నడుం నొప్పి మాత్రలు అడిగితే షాపాయన కళ్ళు పెద్దవి చేశాడు. "మేడంగారు నేల మీద నడుస్తున్నారే! మాత్రలెందుకండీ, ఓసారి నవ్వండి, నొప్పి పోతుంది."

"నా నవ్వు మీకు ఉచితంగా అలవాటైపోయింది. మాత్రలివ్వండి."

ఇంటికొచ్చేసరికి బ్యాంకు మేనేజరు దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వంటగది తలుపు పని చెప్పడానికి వచ్చిన మనిషి, పని వదిలేసి అన్నయ్యకి వీడియో చూపిస్తున్నాడు. "ప్రపంచమంతా ఊరికే తిప్పి చూపిస్తుంటే ఇంకేం కావాలయ్యా వీళ్ళకి?"

"నేను చూసిన ప్రపంచం హోటలు గది కర్టెను, అంకుల్," అంది ఆమె చెప్పులు విప్పుతూ. "అది కూడా మూసే ఉంటుంది. నిద్రపోవాలి కదా."

అన్నయ్య స్టూలు దగ్గరికి జరిగి ఫోనులోకి వంగాడు. "ఇంకోసారి పెట్టండి," అన్నాడు మేనేజరుతో. మళ్ళీ చూశాడు. మొహం చిట్లించాడు. "ఆ వెనకాల ఏంటది?"

"తలుపు," అంది ఆమె.

"దాన్ని తలుపంటారా?"

అంతలో కంపెనీ నుంచి ఫోను వచ్చింది. హెచ్.ఆర్. ఆఫీసరు గొంతు తేనెలో ముంచినట్టుంది. రేపు పొద్దున్న వచ్చి కెమెరా ముందు నాలుగు వాక్యాలు చదవాలి: ప్రయాణికుల బాధ చూసి నవ్వాను, సమ్మె పెద్దలు నన్ను తప్పుదోవ పట్టించారు, క్షమించండి, నేను పనిలో చేరుతున్నాను. చదివితే ఉద్యోగం ఉంటుంది. చదవకపోతే ఉండదు.

భోజనాల దగ్గర అన్నయ్య కంచంలోకి చూస్తూ అన్నాడు, "చదివెయ్. నాలుగు ముక్కలేగా."

"నేను నవ్వలేదు అన్నయ్యా."

"ఊరంతా చూసిందే!"

"మొహం నవ్వింది. నేను నవ్వలేదు."

"ఆ మొహం నీది కాదా?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచి కాదు."

అన్నయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నాకు మాత్రం తలుపు బిగించేదాకా డబ్బులు ఎవడిస్తున్నాడు? చెక్క కొన్నదీ, కోసిందీ, చిత్రిక పట్టిందీ ఎవడు చూశాడు? నేను చేశానా సమ్మె?"

"చెయ్యాల్సింది."

వదిన ఫక్కున నవ్వింది. "ముందు నేను చెయ్యాలి, మీ ఇద్దరి మీదా. నా తలుపు ఎప్పుడు పడుతుందో, నా లెక్క ఎప్పుడు మొదలవుతుందో ఈ ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు."

"నువ్వాగు! ఇదేమైనా పరాచికాల వేళా?" అని అన్నయ్య చెయ్యి కడిగేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరక్కుండా అన్నాడు: "ఉద్యోగం పోగొట్టుకుని వస్తే నీతో మాట్లాడను."

వదిన ఆమె కంచంలో ఇంకాస్త వడ్డించింది. "తిను పిల్లా. రేపు చదివినా గొంతు కావాలి, చదవకపోయినా కావాలి."

పొద్దున్న ఆమె యూనిఫాం వేసుకుంది. జుట్టు బిగించి ముడి వేసింది. బస్సులో ఇద్దరు గుర్తుపట్టి మోచేతులతో పొడుచుకున్నారు. ఆమె కిటికీ అద్దంలో తన మొహమే చూసుకుంటూ కూర్చుంది. దవడలు నొప్పి పెడుతున్నాయి. ఆ నొప్పి ఎప్పట్నుంచి ఉందో ఆమెకి గుర్తు లేదు.

హెచ్.ఆర్. ఆఫీసరు కెమెరా మనిషిని వెంటబెట్టుకుని పేవ్‌మెంటు దగ్గరికే వచ్చాడు. తోటివాళ్ళందరి ముందూ చదివిస్తే సమ్మె నడుం విరుగుతుందని అతని లెక్క. అటు, అడ్డంగా కట్టిన తాళ్ళ వెనక విమానాలు దొరకని జనం పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే లేచారు.

"రండమ్మా, రెండు నిమిషాల పని," అంటూ కాగితం అందించాడు ఆఫీసరు.

"ఈ రెండు నిమిషాలకి లెక్కుందాండీ?"

"ఏ లెక్క?"

"తలుపు తెరిచే ఉంది కదా. అందుకని అడిగాను." ఆమె కాగితం అందుకోలేదు. కెమెరా వైపు తిరిగింది. "వాళ్ళ అమ్మ మంచం మీదుందని ఆయన చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. బాధేసింది. బాధేస్తే నవ్వమని ఈ కంపెనీ నాకు నేర్పింది. ఆ నవ్వు నేనిప్పుడు తిరిగిచ్చేస్తున్నాను. ఈ కాగితం చదవను. ఇంకొకళ్ళ చేత కూడా చదివించకండి."

జనంలోంచి ఒకడు ఈల వేశాడు. "నవ్వవే! నవ్వు!" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. కాసేపటికి తాళ్ళ వెనక సగంమంది చప్పట్లు కొడుతూ అదే పాట, నవ్వు, నవ్వు, నవ్వు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆమె పెదాల కొసలు వాటంతటవే పైకి లాగుతున్నాయి. పళ్ళు బిగించి కిందికి లాగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వాళ్ళ ఫోన్లన్నిటిలోకీ సూటిగా చూస్తూ నిలబడింది. అడిగినవాడికల్లా పంచిన నవ్వు ఆ రోజు ఒక్కడికి కూడా దొరకలేదు. అరుపులు మెల్లగా వాటంతటవే సద్దుమణిగాయి.

ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను కారెక్కేలోపే ఆమె ఫోను మోగింది. ఒక్క వాక్యం. ఉద్యోగం లేదు.

అప్పుడే స్కూటరు చప్పుడు. అన్నయ్య. భుజాన పనిముట్ల సంచి. చెల్లెల్ని జుట్టు పట్టి ఇంటికి ఈడ్చుకుపోవడానికి వచ్చాడనుకుని తోటివాళ్ళు ఆమె చుట్టూ చేరారు. అతను వాళ్ళని చూడను కూడా లేదు. సరాసరి తలుపు దగ్గరికి వెళ్ళి ఓసారి ఊపాడు. అది కీచుమంది.

"ఎవరు నిలబెట్టారు దీన్ని?" అన్నాడు, ఎవరో హత్య చేసినట్టు.

"మేమే," అంది ఆమె.

"సిగ్గులేకపోతే సరి. దీన్ని ఊరంతా చూసింది."

సంచి విప్పాడు. ఊడిన కీలు తీసి, చెదలు తిన్న చోట చెక్క ముక్క దిగ్గొట్టి, కొత్త మరలు బిగించాడు. అడుగున చిత్రిక పట్టాడు. పొట్టు ఆమె నల్ల బూట్ల మీద పడింది.

"నాతో మాట్లాడనన్నావుగా?"

"నీతో ఎవడు మాట్లాడాడు? తలుపుతో మాట్లాడుతున్నా."

తాళ్ళ వెనక నుంచి ఎవరో వెటకారంగా అరిచారు. "ఏమయ్యా వడ్రంగీ, ఎంతిస్తున్నారు నీకు?"

అన్నయ్య తల తిప్పకుండా సుత్తితో అట్టని చూపించాడు. "చదువు రాదా? ఇటువైపు ఉచితమంట."

సమ్మెవాళ్ళలో ఎవరో గట్టిగా నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగింది. ఆగి, ఇది తనదేనని తెలిశాక నవ్వింది.

అన్నయ్య తలుపు మూశాడు. చప్పుడు లేదు. తెరిచాడు. లేదు. తృప్తిగా ముక్కు ఎగబీల్చి సంచి సర్దుకున్నాడు.

"గొళ్ళెం లేదు దీనికి. రేపు తెస్తా."

"రేపు కూడా వస్తావా?"

"ఏం, నువ్వు రావా?"