ముప్పై పరుపుల మంద

కుక్క విశ్వాసం గురించి మనం చెప్పుకునే నీతికథలన్నీ కుక్కను అడక్కుండా రాసినవే. అడిగి ఉంటే, పరుపులావిడ ఇంటి కుక్క మాత్రం ఒకసారి ఆవలించి, లేచి వెళ్లి పరుపులన్నీ ఉన్నాయో లేవో వాసన చూసుకుని వచ్చేది.

పరుపులావిడకు యాభై మూడేళ్లు. ఉన్ని పరుపుల కొట్టు తాతల నాటిది. వీధివైపు కొట్టు, దాని వెనక ఉన్ని ఏకే యంత్రం ఉన్న గది, ఆ వెనక బేళ్ల గది, మేడ మీద కాపురం. పొద్దున తొమ్మిదింటికి యంత్రం ముందు కూర్చుందంటే మధ్యాహ్నానికి కనుబొమల నుంచి కాలివేళ్ల దాకా తెల్లటి నూగు పట్టేసేది. తుమ్మితే చిన్న మబ్బు లేచేది. పరుపు కుట్టడం అయ్యాక దాని మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, వీపుతో గడ్డలు వెతికేది. ఒక్క గడ్డ తగిలినా కుట్లన్నీ విప్పేది. పని తెలిసినవాళ్లు చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించడం ఆవిడ గుణం. మంచి గుణమే. కొంప ముంచింది కూడా అదే.

ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్లు "జరగండి, లోపలికి జరగండి" అని అరిచిన గొంతు ఆయనది. ఇప్పుడు జరపడానికి ఇంట్లో భార్య ఒక్కతే మిగిలింది. ఆవిడ జరిగే మనిషి కాదు.

ఆవిడకు ఉన్ని తెచ్చి ఇచ్చేవాడు ఒక మందకాపరి. బేళ్ల గదిలో ఎలుకలు కాపురం పెట్టాయని, వెనక తలుపులోంచి ఎవడో ఉన్ని ఎత్తుకుపోతున్నాడని ఆవిడ ఒకసారి అతని దగ్గర మొత్తుకుంది. మరుసటి విడత అతను ఉన్నితోపాటు సంచిలో ఒక కుక్కపిల్లను కూడా పట్టుకొచ్చాడు. తెల్లగా, గుండ్రంగా, ఏది తలో ఏది తోకో తెలియకుండా ఉంది. పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది. మూట.

"ఇది ఇంట్లో ముద్దు చేసుకునే జాతి కాదక్కా," అన్నాడు కాపరి. "దీని ముత్తాతలు కొండల మీద తోడేళ్లతో కలబడ్డవాళ్లు. గొర్రెల్ని తోలదు. వాటి మధ్య పడుకుంటుంది. పరాయిది దగ్గరికొస్తే లేస్తుంది. అంతే దాని ఉద్యోగం."

"కూర్చోమంటే కూర్చుంటుందా తమ్ముడూ?"

"దానికి కూర్చోవాలనుంటే కూర్చుంటుంది. నీ మాటకి, దానికి సంబంధం లేదు. మూడు నెలలు మాత్రం మందలోనే పడుకోబెట్టాలి. ఏ వాసనలో పెరిగితే చచ్చేదాకా దానికే కాపలా. వీటికి యజమాని ఉండడు, మంద ఉంటుంది. మంద ఒకచోట ఉందా, హాయిగా నిద్రపోతుంది. ఒక్కటి దారి తప్పిందా, మిగతావాటిని వదిలేసి దాని వెనక పోతుంది."

ఆవిడ శ్రద్ధగా విన్నది. ఆవిడకు గొర్రెల్లేవు. ఉన్నది ఉన్ని. కాబట్టి మూటను మూడు నెలలపాటు బేళ్ల మధ్య పడుకోబెట్టింది. కాపరి చెప్పినదాంట్లో పొల్లు పోయింది ఒక్కటే, గొర్రె.

ఏడాదిన్నరకు మూట అరవై కిలోలైంది. పశువుల డాక్టరు దాన్ని చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకుని, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఒళ్లు పెరగనివ్వొద్దు, తుంటి కీళ్లు అరుగుతాయి. తిండి రెండు పూటలుగా పెట్టాలి, తిన్న గంటదాకా గంతులు వేయనివ్వొద్దు. "వెడల్పు ఛాతీ కుక్కలకి కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతుందమ్మా. వాంతి వస్తున్నట్టు చేస్తుంది, ఏమీ రాదు. అప్పుడు రేపు తీసుకొద్దామని కూర్చుంటే రేపు తేవాల్సిన పని ఉండదు." వెనక కాళ్లకున్న అదనపు గోళ్లు కత్తిరించాలి, లేకపోతే చుట్టు తిరిగి మాంసంలోకి దిగుతాయి. బొచ్చు దువ్వాలే గానీ గొరగకూడదు.

ఆ చివరి మాట చెప్పడం ఒక వారం ఆలస్యమైంది. ఎండలకు తాళలేకపోతోందని కండక్టరు అప్పటికే మంగలిని పిలిపించి, దానికి సగం క్షవరం చేయించాడు. మిగతా సగానికి మంగలి ఒప్పుకోలేదు, మూట కూడా ఒప్పుకోలేదు. "అది దాని గొడుగండీ," అన్నాడు డాక్టరు, ముందు పులిలా వెనక మేకలా ఉన్న దాన్ని చూస్తూ. "ఎండలో నడిచేవాడి గొడుగు లాక్కుని, చల్లగా ఉందా అని అడుగుతారా?"

దువ్వితే వారానికి బుట్టెడు బొచ్చు రాలేది. పరుపులావిడ చేతులు ఊరుకోక దాంతో ఒక దిండు కుట్టింది. మూట ఆ దిండును వాసన చూసి పక్కకు పోయింది. తన బొచ్చుకు తాను కాపలా కాయాల్సిన పని లేదని దానికి తెలుసు.

చిక్కు, మూట కాపలాకు దిగాక వచ్చిన మొదటి బేరంతో మొదలైంది. ఒక టైపిస్టు వచ్చి పరుపు కొన్నాడు. మూట అతన్ని రానిచ్చింది, పరుపు నొక్కి చూడనిచ్చింది. అతను పరుపు భుజానికెత్తుకోగానే వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మొరగలేదు, కరవలేదు. అరవై కిలోల "కుదరదు" అక్కడ ఊరికే నిలబడి ఉంది. చివరికి దాన్ని బేళ్ల గదిలో పెట్టి గొళ్లెం వేస్తే గానీ పరుపు గడప దాటలేదు. ఆ సాయంత్రం గొళ్లెం తీయగానే మూట నాలుగు వీధులు దాటి, రెండంతస్తులెక్కి, టైపిస్టు మంచం పక్కన పడుకుంది.

అప్పటినుంచి అమ్మిన పరుపులన్నిటినీ రోజూ తిరిగి చూసుకునేది. పరుపు మీద మనిషి ఉన్నాడా లేడా అన్నది దానికి పట్టదు. గొర్రె మీద పిడుదు ఉంటే గొర్రె గొర్రె కాకుండా పోతుందా? పరుపు కొన్నవాళ్లలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు మాత్రం కరిగిపోయాడు. "మనుషుల్లో కరువైన అభిమానం నోరులేని జీవిలో చూస్తున్నాను," అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాడు. నెల తిరిగేసరికి నడుం నొప్పని స్పాంజి పరుపుకు మారాడు. అభిమానం మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

పరుపులావిడ ఆయన్ని చూసి నవ్వుకునేది. తన సంగతి వేరని ఆవిడ నమ్మకం. కుళాయి దగ్గరికెళ్లినా, కూరగాయలకెళ్లినా మూట ఆవిడ వెనకే. స్నానాలగది బయట కూడా కాపలా. "ఇది నాకు కట్టుబడి ఉంది," అనేది. ఆదివారాలు మాత్రం, ఆవిడ తలంటుకుని ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరితే, మూట బేళ్ల గదిలోంచి తల కూడా ఎత్తేది కాదు. "పాపం, దానికీ సెలవు కావాలిగా," అనేది.

ఇంతలో ఊరి చివర హాస్టలు నుంచి ముప్పై పరుపులకు పిలుపొచ్చింది. కొట్టులో ఉన్న ఉన్ని అంతా అందులోకే పోయింది. సోమవారం బండి వచ్చింది. అప్పటికి మూట గొళ్లెం సంగతి నేర్చుకుంది, ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. వెళ్లి బండి ముందు చక్రానికి ఆనుకుని పడుకుంది. బండివాడు హారన్ కొట్టాడు. మూట పక్కకు తిరిగి పడుకుంది.

"ఎల్లుండికి ఈ పరుపులు వెళ్లకపోతే కుక్క వెళ్తుంది," అన్నాడు కండక్టరు. "దాన్ని ఆ కాపరికే ఇచ్చేస్తా. సరుకు కొట్టులోంచి కదలనివ్వని కాపలా మనకెందుకు?"

"అది లేకపోతే ఈ ఇంట్లో నా వెంట వచ్చేవాళ్లెవరు? మీరొస్తారా?"

"నువ్వు నన్నెప్పుడు పిలిచావు గనక?"

"దాన్నీ నేను పిలవలేదు."

గడువు మాత్రం అలాగే ఉంది. ఆవిడ కాపరికి కబురంపింది. బుధవారం పొద్దున అతను వచ్చి, ఇంకా చక్రానికి ఆనుకునే ఉన్న కుక్కను, బండి మీదున్న పరుపులను మార్చి మార్చి చూశాడు. చాలాసేపటికి విషయం అర్థమైంది. నవ్వలేదు. వృత్తి ధర్మం.

"మందని పంపి కుక్కని ఆపితే దానికది దొంగతనమక్కా. మంద కదిలితే కుక్కా కదలాలి. నడిపించుకుని పోదాం."

అలా నాలుగు తోపుడు బళ్ల మీద ముప్పై పరుపులు ఊరి మధ్య నుంచి నింపాదిగా నడిచాయి. ముందు కాపరి కర్ర పట్టుకుని ఈల వేస్తూ, వెనక కండక్టరు అలవాటు కొద్దీ "జరగండి, జరగండి" అంటూ. మంద అన్నాక మేపాలి కాబట్టి ప్రతి అరగంటకీ ఎక్కడైనా పచ్చిక కనిపిస్తే బళ్లు ఆపారు. పరుపులు మేశాయో లేదో గానీ మూట తృప్తిగా చుట్టూ కలియజూసేది. హాస్టలు వార్డెను ముందు నూగుతో నిలబడితే బాగుండదని పరుపులావిడ ఆ రోజు తలంటుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కొంచెం దూరంగా నడిచింది.

హాస్టలు హాల్లో ముప్పై పరుపులూ వరసగా పరిచారు. మూట ఒక్కొక్కటే వాసన చూసి, మధ్యలో పడుకుని నిద్రపోయింది. ఆవిడ పిలిచింది. మూట ఒక కన్ను తెరిచి, ఎవరో పెద్దమనిషిని చూసినట్టు చూసి, మూసుకుంది.

పరుపులు చేరాయి. కుక్క కూడా వాటితోపాటే చేరింది.

మర్నాడంతా ఆవిడ మేడ దిగలేదు. "నేను ఇంకా దాన్ని ఎలా పంపాలా అని చూస్తుంటే," అన్నాడు కండక్టరు, కంచం ముందు కూర్చుని. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన మిగతా వాక్యాన్ని అన్నంతోపాటు మింగేసి, మూట గిన్నె పట్టుకుని హాస్టలుకు నడిచాడు.

శుక్రవారం కాపరి కొత్త ఉన్ని దించి వెళ్లాడు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర తిరుగుతుందని ఆవిడ యంత్రం ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి కండక్టరు రొప్పుతూ హాస్టలు నుంచి వచ్చాడు. "పిల్లలు దానికి రొట్టెలు, ఎముకలు, మిగిలిన అన్నమంతా పెట్టేశారు. తిని గంతులేస్తోంది. డాక్టరు ఏదో అన్నాడే, కడుపు మెలి..."

మాట పూర్తయ్యేలోపు ఆవిడ వీధిలో ఉంది. చెప్పుల్లేవు. జుట్టు నిండా ఉన్ని, బట్టల నిండా ఉన్ని. హాల్లోకి దూసుకెళ్లి మూట కడుపు పట్టి చూసింది. మెత్తగానే ఉంది. వాంతి లక్షణాల్లేవు. అప్పుడు లేచి వార్డెనును పట్టుకుంది. "ముప్పైమంది చదువుకున్న పిల్లలు, ఒక్కడికైనా కడుపెంత పడుతుందో లెక్క రాదా?" అలా ఒక పావుగంట దులిపి, ఇక్కడ తన పని అయిపోయిందని గుర్తొచ్చి, వెనక్కి తిరిగి నడిచింది.

గేటు దాటాక వెనక అడుగుల చప్పుడు. ఆగింది. మూట కూడా ఆగింది. నడిచింది. అదీ నడిచింది. ముప్పైని ఒకచోట భద్రంగా పడుకోబెట్టి, మందలోంచి తప్పి రోడ్డున పడ్డ ఒక్కదాని వెనక వస్తోంది.

ఆవిడ తన చేతుల మీది నూగు చూసుకుంది. ఆదివారాలు గుర్తొచ్చాయి. బుధవారం కట్టిన ఇస్త్రీ బట్టలు గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు కూడా గుర్తొచ్చాడు. ఆయన మీద నవ్విన నవ్వంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే కండక్టరు చాలాసేపు గంభీరంగా ఉండటానికి ప్రయత్నించాడు. "అయితే ఇన్నాళ్లూ అది నీ వెంట తిరిగింది..."

"అవును. గొర్రెననే. అందులోనూ చెప్పిన మాట వినని గొర్రెని."

"ముప్పై ఏళ్ల కాపురంలో నాకు తోచని మాట," అన్నాడాయన, నిజమైన గౌరవంతో.

ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే తలంటుకుంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. మెట్లు దిగి వీధిలోకి వెళ్లబోతూ ఆగి, యంత్రం దగ్గరికెళ్లి గుప్పెడు ఉన్ని తీసి జడలో దోపుకుంది. మూట ముక్కు ఎగబీల్చి, లేచి ఒళ్లు విరుచుకుంది.

"ఎక్కడికి తయారయ్యారు ఇద్దరూ?" అన్నాడు కండక్టరు మేడ మీద నుంచి.

"మేతకి," అంది ఆవిడ, కూరల సంచి తీసుకుంటూ. "మీకేమైనా కావాలా?"