నిలబెట్టవలసిన ముక్క

ఆస్పత్రి వెనకభాగంలో, ఉత్తరపు కిటికీల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ పొరలక్క అనేవారు. పేరు పెట్టినవాళ్లు వేళాకోళానికే పెట్టారు. పని చూసినవాళ్లకు మాత్రం అది ఉద్యోగం పేరులాగే వినిపించింది. డాక్టర్లు మనిషి ఒంట్లోంచి తీసి పంపిన చిన్న ముక్కలను మైనంలో పొదిగి, మిల్లీమీటరులో రెండువందల యాభయ్యో వంతు మందాన పొరలుగా కోసి, గోరువెచ్చని నీటిమీద తేల్చి, గాజుపలక మీదికి ఎక్కించి, రంగులు పట్టించడం ఆవిడ వృత్తి. ఆ పలకను మైక్రోస్కోపులో చూసి జబ్బేదో చెప్పడం డాక్టరు వంతు. అయితే డాక్టరు కంటికి ఏది ఆనుతుందో ముందుగా నిర్ణయించేవి ఈవిడ చేతులే.

సీసాలు కడగడానికి చేరిన మనిషి. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. అప్పటి టెక్నీషియను, అందరూ పెద్దాయన అనేవారు, ఒకరోజు ఆమెను పిలిచి కత్తి చేతికిచ్చే ముందు ఒక మాట చెప్పాడు. "ఒంట్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఒంటికి పైన ఎక్కడ గాలి తగిలితే అక్కడ, ఒక పూత ఉంటుందమ్మా. దాన్ని ఉపకళ అంటారు. దానికి ఒక ముఖం ఎప్పుడూ ఖాళీ వైపు. రెండో వైపు నేల. ఆ నేలనే ఆధార త్వచం అంటారు. ముఖమేదో, నేలేదో తేలకుండా కత్తి ముట్టుకున్నావో, నీకూ నాకూ చెల్లు."

ఆ మాట పట్టుకుని ఆమె ఏళ్లతరబడి చూస్తూ పోయింది. ఊపిరితిత్తుల గాలితిత్తులలో ఉపకళ ఒక్క వరసే, అదీ పెంకు ముక్కల్లా పలచగా పరచుకున్న కణాలతో. గాలి దాటవలసిన చోట గోడ దళసరిగా ఉంటే ఎలా? మూత్రపిండాల సన్నగొట్టాల్లో కణాలు చదరపు పెట్టెల్లా ఉండేవి. పేగుల్లో పొడుగ్గా, స్తంభాల వరసలా నిలబడి, తిన్నదానిలోని సారాన్ని లోపలికి లాగేవి. శ్వాసనాళంలో వాటికి నూగులాంటి శైలికలుండి దుమ్మును పైకి ఊడ్చేవి. మూత్రాశయంలో నిండినప్పుడు సాగి, ఖాళీ అయినప్పుడు ముద్దకట్టేవి. చర్మానికీ, నోటికీ మాత్రం అంతస్తులు. ఒరిపిడి ఉన్నచోట పైవరస రాలిపోతూ ఉంటే కిందివరస పుట్టుకొస్తూ ఉండేది. గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే తడిపొరలు రెండు మడతలుగా ఉండి, మధ్య రవ్వంత ద్రవంతో రాపిడి లేకుండా జారేవి. కీళ్లలోని పొర కూడా అలాంటిదే అనుకుంది చాలాకాలం. దానికి ఉపకళే లేదని తెలిసిన రోజున పెద్దాయన మీద అలిగింది, ముందే చెప్పలేదని.

అన్నింటికంటే ఆమెను ఆలోచనలో పడేసింది మరొకటి. ఉపకళలోకి ఒక్క రక్తనాళమైనా రాదు. లోకానికీ ఒంటికీ మధ్య నిలబడిన ఆ కణాలకు తిండి నేలకింద నుంచి ఊరి, త్వచం దాటి రావలసిందే. అంటే ఆ త్వచం వేరుచేసే గోడా కాదు, తెరిచిన గుమ్మమూ కాదు. ఆ రెంటిలో ఏదో ఒకటని తేల్చిచెప్పడానికి ఆమెకు ఎప్పుడూ మనసొప్పలేదు.

ఆమె గురించి గొప్పలు చెప్పేవాళ్లు సాధారణంగా ఒక్క సంగతే చెబుతారు. నోటినుంచో గొంతునుంచో తీసిన పలచని ముక్కను మైనంలో పడుకోబెట్టకూడదు, అంచుమీద నిలబెట్టాలి. అప్పుడే కోతలో ముఖం నుంచి నేలదాకా అన్ని వరసలూ కనిపిస్తాయి. పొరపాటు పడకుండా మిగతావాళ్లు ముక్క అడుగున సిరాచుక్క పెడతారు. పొరలక్క పెట్టేది కాదు. "నా వేలికి తెలుసు" అనేది. ముప్ఫై ఏళ్లలో తప్పు జరగలేదని అందరూ అనుకునేవారు. తప్పు బయటపడలేదనడం ఇంకాస్త న్యాయంగా ఉంటుంది.

ఒక మంగళవారం సాయంత్రం, చూసేసిన పలకలను అరల్లో సర్దుతున్నప్పుడు అది బయటపడింది. బుడగలూ గీతలూ ఉన్నాయేమోనని ప్రతి పలకనూ ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం ఆమె అలవాటు. ఆ పలక బస్‌స్టాండులో మైకులో బస్సుల రాకపోకలు చెప్పే ఆవిడది. ముఖం ఎరగనివాళ్లు కూడా గొంతును గుర్తుపడతారు. నాలుక అంచున తెల్లమచ్చ. రిపోర్టు జత చేసి ఉంది: చెడ్డకణాలు ఆధార త్వచాన్ని దాటి లోపలికి దిగాయి. గురువారం ఉదయం నాలుకలో మూడోవంతు తీసేస్తారు.

పలకలో నిజంగానే నేలకింద కణాల గుంపులు ద్వీపాల్లా ఉన్నాయి. పొరలక్క చూపు వాటిమీద కాక, పైన నిలిచింది. ముఖం ఎక్కడ? ఒక మూలనుంచి ఇంకో మూలకు వాలుగా, సాగదీసిన బట్టలా పోయింది అంచు. ద్వీపాలన్నీ నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. నాలుక ఉపకళ కిందికి వేళ్లలా దిగి ఉంటుందని ఆమెకు తెలుసు. చెయ్యి నిలువునా కోస్తే వేళ్లు అరచేతికి అతుక్కునే కనిపిస్తాయి. వేళ్లకు అడ్డంగా కోస్తే మిగిలేవి విడివిడి గుండ్రాలే, నేల దాటి దిగినట్టే కనిపిస్తాయి. ముక్క నిలబడలేదు. పక్కకు వాలింది. ముక్కను పొదిగిన చిన్న పెట్టెమీద చేతిరాత తనదే.

నిజంగానే కణాలు దిగి ఉండవచ్చు కూడా. తను డాక్టరు కాదు. రిపోర్టు రాసిన డాక్టరమ్మ గది తాళం వేసి ఉంది. ఆవిడ ఫోను నంబరు గోడమీదే రాసి ఉంది. పొరలక్క దాన్ని చదివింది, సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఎనభై దగ్గరపడుతున్నా ఇరుగుపొరుగు బట్టలు వదలదు.

"ఏమ్మాయ్, ముఖం అలా పెట్టావేం? ఎవరైనా తిట్టారా?"

"ఇంకా లేదత్తయ్యా."

"ఓహో, రేపటికి వాయిదా వేశారా?"

పొరలక్క సంగతంతా చెప్పింది. ముసలావిడ సూదిలో దారం ఎక్కిస్తూనే వింది.

"చెప్తే ఏమవుతుంది?"

"ముప్ఫై ఏళ్ల పేరు పోతుంది. డాక్టరమ్మ సంతకం చేసింది, ఆవిడకీ మాటొస్తుంది. తీరా చూస్తే ఆ జబ్బే నిజమైతే, ఊరికే అల్లరి చేసినదాన్నవుతాను."

"చెప్పకపోతే?"

పొరలక్క సంచి తీసి గోడకు తగిలించింది.

"నేనూ బట్ట వాలుగా కోసి పాడుచేశాను, ఒకసారి కాదు," అంది అత్తగారు. "తొడుక్కోకముందు తెలిస్తే ఒప్పుకున్నాను. తొడుక్కున్నాక తెలిస్తే నోరు మూసుకున్నాను. అది బట్ట కనక సరిపోయింది. నీ పేరు అంత పలచనిదైతే పోనీ, ఇంకోటి కుట్టుకుందాం. అన్నం తిను ముందు."

బుధవారం ఉదయం డాక్టరమ్మ కుర్చీలో కూర్చోకముందే పొరలక్క పలకను ఆమె ముందు పెట్టింది. డాక్టరమ్మకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఈ గదిలోనే పొరలక్క పలకలమీదే పని నేర్చుకున్న మనిషి.

"ఇది నేను తప్పు పొదిగానమ్మా. పడుకుంది."

"ఏదక్కా? ఇదా? దీనికి నేను సంతకం పెట్టేశాను."

"పెట్టారు. అందుకే వచ్చాను."

డాక్టరమ్మ పలకను మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తల ఎత్తినప్పుడు ముఖం ఎర్రబడి ఉంది. "మీ పలకని నేను ఎప్పుడైనా అనుమానించానా? ఒక్కసారైనా? మీ చేతిది కదా అని చూసి చెప్పేశాను."

"అదే తప్పయింది. సిరా పెట్టలేదు నేను. అలాగే రాయండి, నా తప్పని."

"రాయడం తరవాత. అక్కా, ఇది వాలు కోత కావచ్చు. కాకపోనూ వచ్చు. ఈ కోతలో చెప్పలేను." పలకను పక్కన పెట్టి అంది, "మైనంలో ఎంత మిగిలింది?"

"గోరు మందం కంటే తక్కువ. ఒక్కసారికే వస్తుంది."

డాక్టరమ్మ సర్జనుకు ఫోను చేసి సాయంత్రం దాకా ఆగమంది. అవతలి గొంతు ఏమందో వినపడలేదు కాని, ఆమె ఫోనును చెవికి దూరంగా పట్టుకుంది.

పొరలక్క మైనాన్ని కరిగించింది. భూతద్దం కింద ముక్కను వేడిచేసిన పటకారుతో తిప్పి, మెరిసే వైపు ముఖమనీ, పీచులాంటి వైపు నేల అనీ పోల్చుకుంది. పోల్చుకున్నాక కూడా డాక్టరమ్మను పిలిచి చూడమంది. ముప్ఫై ఏళ్లలో అలా అడగడం అదే మొదలు. ఇద్దరూ ఔననుకున్నాకే అంచుమీద నిలబెట్టి, మైనం పోసి, గడ్డకట్టేదాకా పటకారు తీయకుండా పట్టుకుంది.

కత్తిమీద పొరలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రిబ్బనులా వచ్చాయి. ఒక్కటి కూడా పారేయలేదు. సగానికి మామూలు రంగులు వేసింది. మిగతా సగానికి ఆధార త్వచాన్ని ముదురు గులాబీ గీతగా చూపించే రంగు పట్టించింది. అది ఆలస్యంగా అయ్యే పని. తొందరపెడితే రంగు అబద్ధం చెబుతుంది. మధ్యాహ్నం మూడింటికి పలకలు ఆరాయి.

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీదికి వంగింది. పొరలక్క ఆమె ముఖం చూడలేక, పలకను జరిపే మర మీద ఉన్న ఆమె వేళ్లను చూస్తూ నిలబడింది. వేళ్లు కొంచెం కదిలేవి, ఆగేవి.

"గీత ఉంది... ఇక్కడా ఉంది... వేళ్లన్నీ పైదానికే అతుక్కుని ఉన్నాయి." మర ఆగిపోయింది. "ఇక్కడ పలచగా ఉంది. దీని తరవాతి పొర ఇవ్వండి."

ఇచ్చింది.

"దాని తరవాతిది."

అదీ ఇచ్చింది. గదిలో గడియారం లేనందుకు పొరలక్క సంతోషించింది.

"తెగలేదు," అంది డాక్టరమ్మ చివరికి. "కణాలు చెడ్డవే, వాటి గురించి మనం తప్పు చెప్పలేదు. కాని నేల దాటలేదు. ఆ మచ్చ వరకు తీస్తే చాలు, తరవాత జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి." కొత్త రిపోర్టు రాసింది. మొదటి కోత వాలుగా వచ్చిందని, ముక్కను పొదగడంలో జరిగిన పొరపాటని, రెండు వాక్యాలు. పొరలక్క పక్కన నిలబడి చదివి, తల ఊపింది. శభాష్ అని ఎవరూ అనలేదు. అనవలసిందేమీ లేదని ఆమెకూ తోచింది.

కాగితాన్ని తనే వార్డుకు తీసుకెళ్లింది. సర్జను చదివి, "ఎవరిదీ నిర్వాకం?" అన్నాడు. "నాదేనండి" అంది. ఆయన ఇంకేదో అనబోయి, మంచంమీది మనిషి వింటోందని గమనించి, విషయం ఆవిడకు మెల్లగా చెప్పి, పక్క మంచం దగ్గరకు వెళ్లాడు.

బస్‌స్టాండు ఆవిడ పొరలక్కను పైనుంచి కిందిదాకా చూసింది. మాట మెత్తగా, జాగ్రత్తగా వచ్చింది. నాలుక నొప్పి పెడుతున్నట్టుంది.

"నా నాలుక ముక్కని పడుకోబెట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"నిలబెట్టింది?"

"అదీ నేనే."

ఆవిడ కిటికీవైపు తిరిగింది. "అయిదు రోజులయింది నేను నిద్రపోయి. రేపటినుంచి మాట రాదని, మా మనవరాలికి చెప్పాల్సినవన్నీ చెప్పేశాను. చెప్పకూడనివి కూడా. ఇప్పుడు దాని ముఖం ఎలా చూడను?"

పొరలక్క మంచం పక్కనున్న స్టూలుమీద కూర్చుంది.

"నాకు కోపం వస్తుంది," అంది ఆవిడ. "ఇవాళ సంతోషంలో రావడం లేదు. రేపో ఎల్లుండో తప్పకుండా వస్తుంది."

"రానివ్వండమ్మా. వెనక గదిలోనే ఉంటాను. వచ్చి తిట్టండి."

"వస్తాను. దారి చెప్పు. సరిగ్గా చెప్పు, తప్పు దారులంటే నాకు పడదు."

పొరలక్క చెప్పడం మొదలుపెట్టింది: మెట్లు దిగి, మందుల కిటికీ దాటి, పొడవాటి వరండా చివర. ఆవిడ మధ్యలో ఆపింది.

"చివర ఎడమా, కుడా?"

"ఎడమ."

"ఎడమ," అని ఆవిడ తనలో తాను మళ్లీ అనుకుంది. పెదవులు కదిలినా గొంతు పైకి రాలేదు. "ఊఁ. తరవాత?"